బైకు అలాయ్ చక్రాల మీద కొత్త రంగు ఎందుకు నిలవదు?

విశాఖ బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఏళ్ల తరబడి నిలబెట్టిన బైకుల చక్రాలను వంగి చూస్తే ఒక గుర్తు కనిపిస్తుంది. గాలి కొట్టే వాల్వు చుట్టూ, రిమ్ము అంచు పొడవునా, నల్ల రంగు కింద సన్నని తెల్లటి గీతలు మెలికలు తిరుగుతూ పోతుంటాయి. గోడ మీద చెదలు కట్టుకున్న మట్టిదారుల్లా ఉంటాయి. గోటితో గీరితే రంగు పెచ్చుగా లేచి వస్తుంది, దాని కింద సున్నంలాంటి పొడి. దుకాణానికి తీసుకెళ్తే ఎమెరీ పేపరుతో రుద్ది, ఒక కోటు నల్ల రంగు కొట్టి ఇస్తారు. వారం పాటు చక్రం కొత్తదానిలా మెరుస్తుంది. ఒక వానాకాలం గడిచేసరికి అవే గీతలు, అదే చోట, ఇంకా పొడవుగా మళ్లీ బయటపడతాయి.

తప్పును రంగు డబ్బా మీదికి నెట్టడం సులువు. కానీ అల్యూమినియం మీద పూత ఎంతకాలం నిలుస్తుందన్నది రంగు పడకముందే తేలిపోతుంది. పాత పూతను దేనితో తీశారు, లోహాన్ని ఏ నీళ్లతో కడిగారు, కడిగాక ఎన్ని గంటలకు ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) వేశారు, ఏయే భాగాలకు అసలు రంగు తగలకుండా చూశారు అన్న వాటిలో ఒక్కటి తప్పినా ఎంత ఖరీదైన రంగైనా కాపాడలేదు. పైగా ఇది చక్రం. ట్యాంకు మీద రంగు లేస్తే చూడడానికి బాగుండదు, అంతే. చక్రాన్ని తప్పుగా బాగుచేస్తే మనిషి రోడ్డు మీద పడతాడు.

మన రోడ్ల మీద తిరిగే బైకుల అలాయ్ చక్రాల్లో ఎక్కువ భాగం పోత పోసినవి. ఇందులో బాగా వాడుకలో ఉన్నది సుమారు 7 శాతం సిలికాన్, అర శాతం లోపు మెగ్నీషియం కలిసిన అల్యూమినియం మిశ్రమం. అమెరికా లెక్కలో దాని పేరు ఏ356. బ్రిటిష్ పద్ధతిని అనుసరించే మన ఫౌండ్రీల్లో దాదాపు అదే లోహాన్ని ఎల్‌ఎం25 అంటారు. అల్యూమినియానికి తుప్పు పట్టదన్న మాట సగమే నిజం. గాలి తగిలిన వెంటనే దాని మీద రెండు నుంచి నాలుగు నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కంటికి కనిపించని ఆ పొరే లోహానికి రక్ష. అయితే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 4 నుంచి 8.5 వరకే అది నిలకడగా ఉంటుంది. అంతకు మించిన ఆమ్లమైనా, క్షారమైనా దాన్ని కరిగించేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ పని వేరు. అది పొరనంతటినీ కరిగించదు, సూదితో పొడిచినట్టు అక్కడక్కడా తూట్లు పెడుతుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో చక్రాలు త్వరగా పాడవడానికి కారణం ఇదే.

రంగు వేసేవాళ్లకు చిక్కు కూడా ఈ పొరతోనే వస్తుంది. అప్పుడే ఏర్పడిన ఆక్సైడ్ లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. నెలల తరబడి తేమ పీల్చిన పాత పొర మందమై, వదులై, పొడిపొడిగా మారుతుంది. దాని మీద వేసిన ప్రైమర్ ఆ పొడిని పట్టుకుంటుంది కానీ లోహాన్ని పట్టుకోదు. పొడి రాలిన రోజున ప్రైమరూ దానితోపాటే రాలుతుంది.

మెలికలు తిరిగే తెల్ల గీతలకు లోహశాస్త్రంలో ఫిలిఫార్మ్ తుప్పు అని పేరు, దారంలాంటి తుప్పు అని అర్థం. రాయి తగిలి రంగు చిట్లిన చోటో, టైరు లీవరు గీసుకున్న చోటో అది మొదలవుతుంది. ఉప్పు కలిసిన తేమ చుక్క ఆ సందులోంచి రంగు కిందికి దూరుతుంది. దారానికి ముందు కొసన ఆక్సిజన్ అందదు, వెనక తోక వైపు పగులులోంచి గాలి అందుతూ ఉంటుంది. ఈ తేడా వల్ల ఆ చిన్న గీతలోనే ఒక బ్యాటరీ తయారవుతుంది. ముందు కొస దగ్గర ద్రవం ఆమ్లంగా మారి అల్యూమినియాన్ని కరిగిస్తూ ముందుకు సాగుతుంది, కరిగిన లోహం వెనక తోకలో తెల్లటి హైడ్రాక్సైడ్‌గా పేరుకుంటుంది. గాలిలో తేమ బాగా ఉన్నంతకాలం ఈ దారం పెరుగుతూనే ఉంటుంది. అందుకే కనిపించిన గీత మేరకు రుద్ది పైన రంగు పూస్తే లాభం లేదు. దారం కొస ఆరోగ్యంగా కనిపిస్తున్న రంగు కింద ఇంకొంత దూరం పోయి ఉంటుంది, ఉప్పు దానిలోనే ఉంటుంది. గీత చివర నుంచి కనీసం రెండు మూడు అంగుళాల అవతలి వరకు రంగును లోహం దాకా తీసేయాలి. చాలా గీతలుంటే చక్రం మొత్తం తీయడమే దారి.

పాత రంగు తీసే దగ్గరే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. ఇనుప గేట్ల రంగు తీయడానికి వాడే కాస్టిక్ సోడా నీళ్లలో అల్యూమినియం చక్రాన్ని ముంచితే రంగుతోపాటు లోహమూ కరుగుతుంది. నీళ్లు సలసల మరిగినట్టు బుడగలు వస్తాయి. అవి హైడ్రోజన్ వాయువు బుడగలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటాయి. బయటికి తీసిన చక్రం నల్లబడి, బేరింగు కూర్చునే గుంత, డిస్కు బోల్టుల మరలు అరిగిపోయి ఉంటాయి. మెథిలీన్ క్లోరైడ్ ఉన్న పెయింట్ రిమూవర్ మామూలుగా లోహానికి హాని చేయదు కానీ వాడే మనిషికి చేస్తుంది. మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి మనుషులు చనిపోయిన తర్వాతే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2019లో ఇళ్లలో వాడకానికి దాని అమ్మకాన్ని ఆపింది, 2024లో ఆ నిషేధాన్ని మరింత విస్తరించింది. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న, ఈ ద్రావకం లేని రిమూవర్‌ను ఆరుబయట, చేతికి తొడుగులు వేసుకుని వాడడం మేలు. ఆలస్యమవుతుంది, రెండు మూడుసార్లు పూయాల్సి వస్తుంది, అయినా అదే సరైన పద్ధతి.

ఇంతకంటే ప్రమాదకరమైనది కంటికి కనిపించని పొరపాటు. పాత పౌడర్ కోటింగ్ (పొడిగా చల్లి ఓవెన్ వేడికి కరిగించి గట్టిపరిచే రంగు) మొండిగా ఉంటుంది కాబట్టి దాన్ని కాల్చి తీసే ఓవెన్లున్నాయి, వాటిలో వేడి 350 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. గేటుకూ గ్రిల్లుకూ అది పనికొస్తుంది. అలాయ్ చక్రానికి పనికిరాదు. చాలా పోత చక్రాలకు టీ6 అనే వేడి చికిత్స చేస్తారు. దాదాపు 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీళ్లలో ముంచి ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 150 నుంచి 175 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచుతారు. ఈ చివరి దశలో లోహంలో మెగ్నీషియం, సిలికాన్ కలిసి అతి సూక్ష్మమైన రేణువులుగా విడివడతాయి, చక్రం బలం వాటి నుంచే వస్తుంది. 350 డిగ్రీలకు తీసుకెళ్తే ఆ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి ముద్దలవుతాయి, లోహం మెత్తబడుతుంది. చక్రం ఆకారం మారదు, రంగు మారదు, బరువు మారదు. గుంతలో పడ్డ రోజున వంగిపోతుంది.

పౌడర్ కోటింగ్ గట్టిపడడానికి 180 నుంచి 200 డిగ్రీల దగ్గర 10 నుంచి 20 నిమిషాలు చాలు. ఆ కాస్త సమయానికి టీ6 బలం చెప్పుకోదగ్గంత తగ్గదు, అనేక చక్రాల తయారీదారులు కూడా పౌడర్ పూతే వేస్తారు. ఇబ్బంది వచ్చేది ఓవెన్‌లో వేడి అదుపు తప్పినప్పుడు, లేదా రంగు నచ్చక అదే చక్రాన్ని మళ్లీ మళ్లీ కాల్చినప్పుడు. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పౌడర్ కోటింగ్ చేయించేవాళ్లు రంగుల కార్డు చూసేముందు ఒక ప్రశ్న వేయడం మంచిది: ఓవెన్ మీటరు చూపేది లోపలి గాలి వేడినా, చక్రం వేడినా? మందపాటి హబ్బు వేడెక్కడానికి సన్నని ఆకుల (స్పోకుల) కంటే ఎక్కువసేపు పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో హబ్బును చూసి సమయం లెక్కపెట్టే దుకాణం నమ్మదగినది.

చక్రాన్ని పరీక్షించడానికి మంచి అవకాశం దొరికేది రంగు పూర్తిగా తీసినప్పుడే. ఆకు హబ్బును కలిసే మూలలో, వాల్వు రంధ్రం అంచున, రిమ్ము వంగి సరిచేయించిన చోట వెంట్రుకవాసి పగుళ్లు ఉండవచ్చు. వెల్డింగ్ దుకాణాల్లో దొరికే డై పెనెట్రెంట్ కిట్టు ఇందుకు చాలు. ఎర్రటి ద్రవం చల్లి, పది నిమిషాలు ఆగి, తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లితే పగులున్న చోట ఎర్ర గీత తేలుతుంది. గీత తేలితే చక్రం మార్చాలి. బ్లో టార్చితో వేడిచేసి వంపు తీసిన చక్రాన్ని గురించి కూడా అంతే చెప్పాలి. అలాంటి చక్రానికి పుట్టీ పెట్టి రంగు వేయడమంటే ప్రమాదాన్ని తెలిసీ దాచిపెట్టడమే.

గాలి ఒత్తిడితో గింజలు కొట్టి లోహాన్ని గరుకు చేసే బ్లాస్టింగ్‌కు ఇసుక వాడడం ఇంకా కొన్నిచోట్ల సాగుతోంది. ఆ ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం లేదు. అల్యూమినియం ఆక్సైడ్ గింజలను తక్కువ ఒత్తిడితో, ఒకేచోట ఆపకుండా కొడితే లోహానికి రంగు పట్టే గరుకుదనం వస్తుంది. ఉక్కు గింజలతో కొట్టినా, ఇనుప బ్రష్షుతో రుద్దినా ఇనుప రేణువులు మెత్తని అల్యూమినియంలో దిగబడతాయి. ఇనుము, అల్యూమినియం తేమలో ఒకదానికొకటి తగిలితే అల్యూమినియమే కరుగుతుంది. చేత్తో చేసేవాళ్లకు 180 నుంచి 320 నంబరు మధ్య ఎమెరీ పేపరు, ఎర్ర స్కాచ్ బ్రైట్ సరిపోతాయి. పదునైన అంచులను కొద్దిగా గుండ్రం చేయాలి. తడి రంగు అంచుల నుంచి వెనక్కి జరిగి అక్కడ పలుచబడుతుంది, ఫిలిఫార్మ్ దారాలు ఎక్కువగా పుట్టేదీ ఆ పలుచని చోటే.

రుద్దడానికి ముందే జిడ్డు వదిలించాలి. చెయిన్ లూబ్రికెంటు, టైరుకు నల్లగా మెరుపు తెచ్చే సిలికాన్ ద్రవం చక్రమంతటా అంటి ఉంటాయి. జిడ్డు మీదే రుద్దితే అది గీతల్లోకి ఇంకుతుంది. తర్వాత రంగు కొట్టగానే చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. కిరోసిన్‌తో, పెట్రోల్‌తో తుడిచే అలవాటు మన మెకానిక్ షెడ్లలో బలంగా ఉంది. కిరోసిన్ ఆరాక కూడా నూనె పొర వదిలి వెళ్తుంది. సబ్బు నీళ్లతో కడిగి, రంగుల దుకాణాల్లో దొరికే డీగ్రీజర్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో శుభ్రమైన గుడ్డ మార్చి మార్చి తుడవాలి.

శుభ్రమైందో లేదో తేల్చడానికి యంత్రం అక్కర్లేదు. చక్రాన్ని ఏటవాలుగా పట్టుకుని మగ్గుతో నీళ్లు పోయాలి. జిడ్డున్న చోట నీళ్లు తామరాకు మీది బొట్లలా విడిపోతాయి, పొర చిరిగినట్టు మధ్యలో పొడి మచ్చలు తేలుతాయి. శుభ్రంగా ఉన్న లోహం మీద నీళ్లు గాజు పలకలా ఒకే పొరగా పరుచుకుని అర నిమిషమైనా విడిపోకుండా నిలుస్తాయి. ఎక్కడ విడిపోతే అక్కడ మళ్లీ తుడవాలి. బోరు నీళ్లతో చివరి కడుగు కడిగి అలాగే ఆరనిస్తే నీళ్లలోని లవణాలు లోహం మీదే మిగులుతాయి. ఆ లవణం రంగు పొర గుండా తేమను లోపలికి లాగుతుంది, కొన్ని నెలలకు బొబ్బలు లేస్తాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు రెండు లీటర్లు తెచ్చి చివరి కడుగు దానితో కడిగితే ఈ బెడద తప్పుతుంది. ఆ తర్వాత ఒట్టి చేతులతో చక్రాన్ని ముట్టుకోకూడదు, చెమటలో ఉప్పుంటుంది.

ఇక్కడి నుంచి గడియారం చూసి పనిచేయాలి. ఆక్సైడ్ మళ్లీ పెరుగుతూ ఉంటుంది కాబట్టి ప్రైమర్ అదే పూట, వీలైతే నాలుగు గంటల లోపే పడాలి. సాయంత్రం రుద్ది పెట్టి మరుసటి రోజు రంగు వేస్తే, ముఖ్యంగా వానాకాలంలో, చేసిన శ్రమలో సగం వృథా. చక్రం ఉపరితలం వేడి, గాలిలోని తేమ మంచుగా పేరుకునే ఉష్ణోగ్రత కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పూతల పరిశ్రమ పాటించే నియమం. ముసురు పట్టిన రోజున స్ప్రే చేయకపోవడమే మేలు.

ప్రైమర్‌కు ముందు రసాయన పూత వేస్తే ఇంకా మంచిది. విమాన పరిశ్రమ దశాబ్దాలుగా వాడిన క్రోమేట్ పూత ఇందుకు ఎంతో బాగా పనిచేసింది. అయితే అందులోని ఆరు వేలన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబరు నుంచి క్రోమియం ట్రైఆక్సైడ్ వాడకానికి ప్రత్యేక అనుమతి కావాలి. మూడు వేలన్సీ క్రోమియం, జిర్కోనియం, టైటానియం ఆధారిత పూతలు దాని స్థానంలోకి వచ్చాయి. మంచి పౌడర్ కోటింగ్ యూనిట్లలో వీటికి తొట్లు ఉంటాయి. చిన్న షెడ్డులో అయితే ఎచ్ ప్రైమర్ గానీ, అల్యూమినియానికి తగిన రెండు డబ్బాల (గట్టిపరిచే హార్డెనర్ వేరే డబ్బాలో వచ్చి, వాడేముందు కలుపుకునే) ఎపాక్సీ ప్రైమర్ గానీ వేయాలి. ఎచ్ ప్రైమర్‌లోని ఫాస్ఫారిక్ ఆమ్లం లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు తెస్తుంది. దాన్ని మందంగా వేయకూడదు, పది మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) దగ్గర ఆపాలి. రంగు వేసిన తృప్తి కోసం మందంగా కొడితే ఆ పొరే మధ్యలో చీలుతుంది. ఎచ్ ప్రైమర్ మీద ఎపాక్సీ వేయవచ్చా అన్నది తయారీదారు కాగితం చూసి తేల్చుకోవాలి. చాలా ఎపాక్సీలకు కింద మిగిలిన ఆమ్లం పడదు.

పౌడరా, ద్రవ రంగా అన్న చర్చకు ఒక్క జవాబు లేదు. పౌడర్ పూత 60 నుంచి 80 మైక్రాన్ల మందాన, రాయి దెబ్బలకు బాగా ఓరుస్తుంది. కానీ పోత లోహంలో కంటికి కనిపించని బోలు గుల్లలుంటాయి. ఓవెన్‌లో వాటిలోని గాలి వ్యాకోచించి, కరిగిన పౌడర్‌ను చీల్చుకుని బయటికొస్తే పూత నిండా సూది బెజ్జాలు మిగులుతాయి. అందుకే ఉత్త చక్రాన్ని ముందొకసారి, పూత వేడికి కాస్త పైన, కాల్చి గాలి వెళ్లగొట్టాలి. ఆ దశను ఎగ్గొట్టే దుకాణాలు చాలా ఉన్నాయి. రెండు డబ్బాల పాలీయురేథేన్ రంగుకు ఓవెన్ అక్కర్లేదు, చిన్న గీత పడితే అక్కడికక్కడ సరిచేసుకోవచ్చు. అయితే దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. స్ప్రే పొగమంచును పీల్చే పెయింటర్లకు ఆస్తమా వస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక ఆ వాసన సోకినా ఊపిరాడని పరిస్థితి వస్తుంది. ముక్కుకు కట్టే చేతిరుమాలు దాన్ని ఏమాత్రం ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు పెయింటర్‌కు దుకాణం సమకూర్చాలి, దానికయ్యే ఖర్చును కస్టమరు గొణక్కుండా ఇవ్వాలి. ఒక్క డబ్బా స్ప్రే రంగుల్లో చాలావరకు పెట్రోల్, బ్రేక్ ఆయిల్ పడితే కరిగిపోతాయి కాబట్టి చక్రానికి అవి తాత్కాలికమే.

రంగు అసలు పడకూడని చోట్ల గురించి దుకాణాల్లో తక్కువగా మాట్లాడతారు. నిజానికి ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. బేరింగు గుంత కొలతలను మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన నిర్ణయిస్తారు. 70 మైక్రాన్ల పౌడర్ గుంత చుట్టూ పడితే వ్యాసం 0.14 మిల్లీమీటర్లు తగ్గుతుంది. బేరింగును సుత్తితో కొట్టి దూర్చితే దాని లోపలి గోళీలు దెబ్బతింటాయి. ఎమెరీతో గీకి వదులు చేస్తే చక్రం ఊగుతుంది. డిస్కు కూర్చునే ముఖం సంగతి ఇంకా సూక్ష్మం. ఆ ముఖం 80 మిల్లీమీటర్ల వెడల్పు, డిస్కు 280 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక పక్క మాత్రమే 70 మైక్రాన్ల రంగు మిగిలితే డిస్కు అంచున వంకర దాదాపు పావు మిల్లీమీటరవుతుంది. బ్రేకు పట్టినప్పుడు లీవరు వేళ్లకు కొట్టుకుంటుంది. రెండు పక్కలా సమానంగా పడినా లాభం లేదు, బ్రేకు వేడికి రంగు మెత్తబడి నలుగుతుంది, బోల్టుల బిగువు సడలుతుంది. స్పేసరు ఆనే చోటు, బోల్టుల మరలు, డ్రమ్ము లోపలి భాగం కూడా ఇదే కోవలోనివి. వీటన్నిటినీ వేడికి తట్టుకునే టేపుతో, సిలికాన్ బిరడాలతో మూసి పంపాలి. బేరింగులు, ఆయిల్ సీళ్లు, వెనక చక్రంలోని రబ్బరు దిమ్మలు, వాల్వు ఓవెన్‌కు ముందే తీసేయాలి.

ట్యూబ్‌లెస్ టైరు అంచు కూర్చునే గాడి దగ్గర పలుచని ప్రైమరు, ఒక పలుచని రంగు చాలు. రెండు రోజులకోసారి గాలి తగ్గుతోందని పంచరు షాపులో నీళ్లలో ముంచి చూస్తే మేకు దొరకదు, రిమ్ము అంచు నుంచి సన్నని బుడగలు వరుసగా లేస్తాయి. టైరు విప్పితే ఆ గాడిలో తెల్లని పొక్కులు కనిపిస్తాయి. వాటిని నున్నగా తీయకుండా పైన మందంగా రంగు కొడితే గాలి కారడం ఆగదు.

తళతళలాడే డైమండ్ కట్ చక్రాలకు ఈ తుప్పు ఎక్కువ. లేత్ మీద చెక్కిన మెరిసే లోహం మీద ఉండేది పారదర్శకమైన పూత ఒక్కటే. అది పాడైతే మళ్లీ చెక్కించడం కంటే నిండు రంగు వేయించడమే సముద్ర తీరంలో తెలివైన పని. పోత చక్రానికి రంగుల ఆనోడైజింగ్ (విద్యుత్తుతో ఆక్సైడ్ పొరను మందం చేసి రంగు పట్టించడం) కోరడం కూడా నిరాశే మిగులుస్తుంది. అందులోని సిలికాన్ వల్ల బూడిద రంగు మచ్చలు వస్తాయి. ఫోర్జింగ్ చేసిన (పోత పోయకుండా ఒత్తిడితో మలిచిన) 6061 రకం లోహానికే అది అందంగా కుదురుతుంది.

పాలీయురేథేన్ రంగు సాయంత్రానికి చేతికి అంటకుండా ఆరినా, పూర్తిగా గట్టిపడడానికి దాదాపు వారం పడుతుంది. మూడో రోజే టైరు ఎక్కిస్తే లీవరు ఒత్తిన చోట రంగు నలిగి, సరిగ్గా రిమ్ము అంచునే కొత్త పగులు మొదలవుతుంది. వారం ఆగి, టైరు అంచుకు సబ్బు నీళ్లు రాసి, లీవరు కింద ప్లాస్టిక్ తొడుగు పెట్టి ఎక్కించాలి. తర్వాత రోజుల్లో రాయి తగిలి పెచ్చు లేస్తే, ఆవగింజంతే కదా అని వదిలేయకుండా, ఆ వారంలోనే డిస్టిల్డ్ వాటరుతో తుడిచి, ఆరాక, సన్నని కుంచెతో చుక్క ప్రైమరు, చుక్క రంగు అద్దాలి.